హౌస్‌స్టెడ్స్ రోమన్ కోట: ఐదుకు నాలుగు చుక్కలు, ఒకటి గాలికి పోయింది

కోటల విషయంలో నన్ను మెప్పించడం కష్టమని ముందే చెప్పి మొదలుపెడతాను. నేను పుట్టింది, పెరిగింది ఖిలా వరంగల్ తూర్పుకోటలో. బడికి వెళ్లినా, పిండి పట్టించుకుని వచ్చినా రాతికోట ద్వారంలో వంకర తిరిగే వెళ్లాలి. కోట అంటే మాకు తప్పిపోయిన గేదెను వెతకబోయే చోటు. ఇక ఉద్యోగం నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్ఫై రెండేళ్లు. చెరువు కట్టలు, తూములు, మత్తళ్లు. అందుచేత ఈ సమీక్షలో రాజుల పేర్లకన్నా వాలు, దర్జు, మోరీ వంటి మాటలే ఎక్కువ వస్తాయి. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మొన్న వేసవిలో మా అమ్మాయి రెండో కాన్పుకు సాయంగా మా ఇంటావిడ, మా ఇంటావిడకు సాయంగా నేను ఇంగ్లండులోని న్యూకాజిల్ వెళ్లాం. నెలన్నర పాటు కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి పిల్లిని చూస్తున్న నన్ను చూసి అల్లుడికి జాలి కలిగింది. “మామయ్యా, ఆదివారం మీకు కోట చూపిస్తాను” అన్నాడు. రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ మీది హౌస్‌స్టెడ్స్ కోట అన్నమాట. అమ్మాయి, పసిబిడ్డ ఇంట్లో ఉన్నారు. నేను, మా ఇంటావిడ, అల్లుడు, ఆరేళ్ల మనవడు బయలుదేరాం. కారులో గంట ప్రయాణం. దారి పొడవునా గొర్రెలు, రాతి గోడలు, మళ్లీ గొర్రెలు.

ఆ దారి గురించి ఒక మాట. 1745లో స్కాట్లాండు వైపు నుంచి తిరుగుబాటు లేచినప్పుడు సైన్యాన్ని అటూ ఇటూ నడపడానికి సరైన రోడ్డు లేక ఇబ్బంది పడ్డారట. ఆ తరువాత 1750లలో ఈ రోడ్డు వేశారు. కంకరకు దూరం వెళ్లలేదు. పక్కనే ఉన్న రోమన్ గోడను పడగొట్టి, ఆ రాళ్లనే పరిచారు. మైళ్ల కొద్దీ గోడ ఆ రోడ్డు కిందే ఉంది. “దగ్గర్లో రాయి దొరికితే ఏ కాంట్రాక్టరైనా అదే చేస్తాడు” అన్నాను. అల్లుడు నవ్వాడు గానీ నేను హాస్యానికి అనలేదు.

కోటకు వెళ్లాలనుకునే పెద్దవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఎక్కడం గురించి. బండి నిలిపే చోటు కింద రోడ్డు పక్కన ఉంటుంది. కోట పైన ఉంటుంది. నడుమ అర మైలు దాకా ఎత్తు దారి. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ఇంటావిడ మూడుసార్లు ఆగింది. ప్రతిసారీ నొప్పి సంగతి ఎత్తకుండా “ఆ గొర్రెను చూడండి, ఎంత ముద్దుగా ఉందో” అంది. టికెట్టు ధర నేను రాయను, అది మారుతూ ఉంటుంది. రూపాయల్లోకి మాత్రం మార్చకండి. నేను మార్చాను. పాత కట్టడాలను చూసుకునే సంస్థలు నేషనల్ ట్రస్టులో గానీ ఇంగ్లిష్ హెరిటేజ్‌లో గానీ సభ్యత్వం ఉన్నవాళ్లకు ప్రవేశం ఉచితం, కాబట్టి పిల్లలకు ఆ కార్డు ఉందేమో ముందే అడగండి.

గాలి సంగతి. మే నెలాఖరు. వరంగల్‌లో అప్పటికి రోళ్లు పగిలే ఎండ. ఇక్కడ ఆ గుట్ట మీద గాలి ఎలా కొట్టిందంటే, హనుమకొండ చౌరస్తాలో కొని అంత దూరం మోసుకెళ్లిన నా గొడుగు విప్పిన మరుక్షణం తిరగబడి తామరపువ్వు అయింది. ఊచలు రెండు విరిగాయి. దాన్ని చేతికర్రగా వాడుకున్నాను. ఆ పనికి బాగానే పనికొచ్చింది.

పైకి చేరాక మొదటి చూపులో నాకు కలిగింది నిరాశే, దాచడం ఎందుకు? గోడలు చాలా చోట్ల మోకాలెత్తు, నడుమెత్తు. బురుజులు లేవు, పైకప్పులు లేవు, తోరణాలు అసలే లేవు. ఐదెకరాల పచ్చికలో పునాదులు గీసినట్టు కనిపిస్తాయి. మన రాతికోటలో ఒక్కో గ్రానైటు బండను చూస్తే దీన్ని ఏ ఏనుగులు లాగాయో అనిపిస్తుంది. సున్నం లేకుండా బరువు మీద బరువు కూర్చోబెట్టారు. ఇక్కడి రాళ్లు ఒక మనిషి చంకలో పెట్టుకుని నడవగలిగినంత. ముందూ వెనుకా చెక్కిన రాయి, నడుమ సున్నంతో కలిపిన చిల్లర రాయి. మా మేస్త్రీలు చూస్తే “ఇది ప్రహరీ గోడ సార్” అంటారు.

అలా మూతి బిగించుకుని తిరుగుతున్నవాడిని కోట ఆగ్నేయ మూలకు వచ్చేసరికి ఆగిపోయాను. అక్కడ ఉన్నది సైనికుల మరుగుదొడ్డి.

నవ్వకండి. నేను చూసిన పురాతన కట్టడాలన్నిటిలో ఇంత శ్రద్ధగా నిలిపి ఉంచిన మరుగుదొడ్డి ఇదొక్కటే. పొడవాటి గది. రెండు పక్కలా లోతైన కాలువ. దాని మీద చెక్క బల్లలు, బల్లలకు రంధ్రాలు ఉండేవట. చెక్క పోయింది, కాలువ మిగిలింది. నడుమ నేల మీద ఇంకో సన్నని కాలువ పారుతుంది, అది శుభ్రం చేసుకోవడానికి. కర్రకు కట్టిన స్పాంజిని అందులో ముంచేవారని చెబుతారు. అడ్డుతెరలు లేవు. పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారన్నమాట. మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మన చిన్నప్పటి చెరువు గట్టు లాగే ఉంది కదండీ” అంది. నిజమే, ఊరి వార్తలన్నీ అక్కడే పుట్టేవి.

నేను చూసింది మాత్రం నీళ్లు. ఈ గుట్ట మీద ఊట లేదు, కోట లోపలికి కాలువ రాదు. పడిన వానే ఆధారం. వాన నీటిని పట్టడానికి రాతి పలకలతో తొట్లు కట్టారు. పలకల అంచులకు గాడి తీసి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి, అతుకులను సీసంతో పూడ్చారు. కోట నేల అంతా దక్షిణానికి వాలు. ఆ వాలునంతా లెక్కలోకి తీసుకుని అన్నిటికన్నా పల్లపు మూలలో మరుగుదొడ్డి పెట్టారు. పై నుంచి వచ్చే నీరు తొట్టి నిండాక పొర్లి, మోరీలో పడి, కాలువను కడుక్కుంటూ గోడ కింది నుంచి బయటికి పోతుంది. ఎత్తిపోయడం లేదు, మనిషి చేయి పెట్టే పని లేదు. పాకాల, రామప్ప చెరువుల తూముల దగ్గర పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ పనికి ఎం.బి. (కొలతల పుస్తకం) రాయమంటే కళ్లకద్దుకుని రాసేవాడిని. అక్కడ అరగంట ఉన్నాను. నా వెనుక వచ్చిన నాలుగు కుటుంబాలు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాయి. మనవడు మాత్రం నాతో ఉన్నాడు. ఎనిమిది వందల మందికి ఇన్ని బల్లలు సరిపోతాయా అని వాడి అనుమానం. మంచి అనుమానం.

ఎనిమిది వందల మంది ఎవరంటే, అందరూ రోము నగరం నుంచి వచ్చినవాళ్లని నేనూ అనుకున్నాను. కాదు. ఇక్కడ చాలా కాలం ఉన్న దళం తుంగ్రియన్లది. ఇప్పటి బెల్జియం ప్రాంతపు జనం. ఒక దేశం కుర్రాళ్లను పట్టుకుని వచ్చి, ఇంకో దేశపు గాలిలో నిలబెట్టి, మూడో దేశపు రాజు కోసం కాపలా కాయించారు. సైనికుల బారకాసుల్లో ఎనిమిది మందికి ఒక వాటా. అదే కోటలో దళపతికి మాత్రం నడుమ వాకిలి, చుట్టూ గదులు, నేల కింద వేడిగాలి తిరిగే ఏర్పాటు. నేలను చిన్న చిన్న రాతి స్తంభాల మీద లేపి, కింద పొయ్యి వేడిని పంపేవారు. ఎనిమిది మంది ఒక గదిలో, ఒకడికి వెచ్చని నేల. క్యాంపు క్వార్టర్లలో నేను చూసిన లెక్కే.

ధాన్యపు కొట్లకూ ఇదే పద్ధతి, కానీ కింద వేడికి బదులు చల్లగాలి. నేలను రాళ్ల మీద ఎత్తి, గోడకు గాలి రంధ్రాలు పెట్టారు, తేమ తగలకుండా. మా అమ్మమ్మ ఇంట్లో గుమ్మి కింద నాలుగు రాళ్లు పెట్టేది, ఎలుక దూరకుండా, చెమ్మ ఎక్కకుండా. మా ఇంటావిడ ఆ రాతి వరుసల పక్కన కూర్చుని అమ్మాయి కట్టి ఇచ్చిన సకినాలు తీసింది. కొట్టు దగ్గరే తిండి తిన్నాం. రోమన్లు తప్పుపట్టరు.

నాకు మరుగుదొడ్డి తరువాత నచ్చింది ఉత్తరపు వైపు నేలలో కనిపించే ఒక చిన్న పునాది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు, కాబట్టి ఆగి చూడండి. హేడ్రియన్ చక్రవర్తి ఈ గోడ పని మొదలుపెట్టించింది క్రీ.శ. 122 ప్రాంతంలో. తూర్పు సముద్రపు వైపు నుంచి పడమటి సముద్రపు వైపుకు 117 కిలోమీటర్లు. మొదటి ప్లానులో ఇక్కడ కోట లేదు. గోడ, గోడకు వరుసగా కాపలా గోపురాలు, అంతే. గోడ పునాది వేశారు, గోపురం కట్టారు. ఆ తరువాత పైనుంచి కొత్త ఆదేశం వచ్చింది: కోటలు గోడ మీదే ఉండాలి. అప్పుడు కట్టిన గోపురాన్ని పడగొట్టి, దాని మీద నుంచి కోట లేపారు. ఆ గోపురం పునాదే ఇప్పుడు కోట లోపల కనిపించేది. పైగా గోడ వెడల్పు మొదట పది రోమన్ అడుగులని మొదలుపెట్టి, తరువాత తగ్గించేశారు. వెడల్పాటి పునాది మీద సన్నటి గోడ నిలబడిన చోట్లు ఉన్నాయి. సగం పని అయ్యాక డిజైను మార్చి, రివైజ్డ్ ఎస్టిమేటు పంపమనడం మా శాఖతోనే మొదలైందని ఇన్నాళ్లూ అనుకున్నాను. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల క్రితం ఆ గోపురం కట్టిన మేస్త్రీ ఏమన్నాడో నేను ఊహించగలను. ఇక్కడ రాయలేను.

ఇంకొక ముచ్చట. ఈ గోడ పడమటి భాగాన్ని మొదట రాతితో కాకుండా పచ్చిక గడ్డలు కోసి పేర్చి కట్టారు, తరువాత రాతిగా మార్చారు. మట్టి పనిని చిన్నచూపు చూసేవాళ్లకు ఇది చెప్పాలి. మన వరంగల్ మట్టికోట బల్లెం దిగనంత గట్టిగా ఉందని ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ దండయాత్ర గురించి రాస్తూ అక్కడి ఆస్థాన కవి అమీర్ ఖుస్రో అన్నాడు. హేడ్రియన్ గోడ లేచే కాలానికి మన వైపు శాతవాహనుల ఏలుబడి. వాళ్ల కాలపు మట్టికోట పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో ఉంది. అది చూడటానికి నాకు ఏ టికెట్టూ కొనవలసిన పని పడలేదు. చుట్టుపక్కల మరో మనిషీ కనబడలేదు.

కోటకు పడమటి పక్క చెట్ల గుంపులో గోడ మీద ఎక్కి నడవనిచ్చే ఒక ముక్క ఉంది. మిగతా చోట్ల గోడ ఎక్కకూడదు. అక్కడ నిలబడి ఉత్తరానికి చూస్తే కొండ ఒక్కసారిగా తెగి కిందికి దిగుతుంది. నల్లని నిట్ట రాయి. డోలరైటు. రామప్ప గుడిలో మదనికల బొమ్మలు చెక్కింది ఈ జాతి రాయిలోనే అని చెబితే అల్లుడు నమ్మలేదు, ఫోనులో వెతికి నమ్మాడు. రోమన్లు ఈ రాయిని చెక్కే పని పెట్టుకోలేదు, గోడకు మెత్తని ఇసుకరాయి తెచ్చుకుని, నల్ల కొండను పీఠంగా మాత్రం వాడుకున్నారు. మనవాళ్లు అదే రాయిలో గోళ్లు, గాజులు, నవ్వు చెక్కారు. ఈ ఒక్క విషయంలో నేను పక్షపాతినని ఒప్పుకుంటాను.

ఇక్కడ దొరికిన శిల్పాల్లో ఒకదాని బొమ్మ చూసి మా ఇంటావిడ గట్టిగా “అయ్యో, గొంగళి!” అంది. ముగ్గురు దేవతలు, తల మీది నుంచి మడమల దాకా ఒకే గుడ్డ కప్పుకుని వరుసగా నిలబడ్డారు. కొమురవెల్లి జాతరలో తెల్లవారుజామున గొంగళి కొప్పెర వేసుకుని కూర్చున్న గొల్లలు అచ్చం అలాగే ఉంటారు. చలికి దేవుడైనా ఏం చేస్తాడు.

దక్షిణ ద్వారం బయట ఒక ఊరు ఉండేది. దుకాణాలు, సారాయి కొట్లు, సైనికుల కుటుంబాలు. అందులో ఒక ఇంటి నేల కింద 1930లలో రెండు అస్థిపంజరాలు దొరికాయి. ఒకదాని పక్కటెముకల్లో కత్తి మొన ఇంకా ఉంది. చంపి, నేల తవ్వి పూడ్చి, పైన మట్టి పరిచి అలికేశారు. మనవడు ఆ తరువాత దారి పొడవునా దీని గురించే మాట్లాడాడు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఇది చెప్పాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి.

ఇప్పుడు నా అసలు గొడవ చెబుతాను. ఖిలా వరంగల్‌లో మా ఇల్లు రాతికోట గోడకు అరవై మీటర్ల దూరంలో ఉంది. నేనే టేపుతో కొలిచాను. రక్షిత కట్టడాల చట్టం 1958 నాటిది. 2010లో సవరించాక కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతితోనే. రెండో అంతస్తు వేసి, అమ్మాయి వచ్చినప్పుడు ఉండటానికి రెండు గదులు కట్టాలని నాకు ఎంతో కోరిక. ఆ కోరిక టేపు చుట్టడంతోనే ముగిసింది. కోట గోడ పక్కన నిలబెట్టిన ఆ బోర్డును, రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అన్న ఆ మాటలను నేను రోజూ పాల ప్యాకెట్టుకు వెళుతూ చదువుతాను. రాణి రుద్రమ మీద ఉన్న గౌరవం వేరు, ఆ బోర్డు మీద నాకున్న కోపం వేరు.

ఈ హౌస్‌స్టెడ్స్‌ను ఎలా కాపాడారో అక్కడ చదివాను. ఒకప్పుడు ఇది పశువుల దొంగల స్థావరం. దక్షిణ ద్వారాన్ని ఆనుకుని కోట రాళ్లతోనే కట్టుకున్న గట్టి ఇంటి ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే న్యూకాజిల్ న్యాయవాది, నగర పాలనలో పెద్ద గుమాస్తా, గోడ వెంబడి పొలాలు అమ్మకానికి వచ్చినప్పుడల్లా కొనడం మొదలుపెట్టాడు. ఈ కోట ఉన్న పొలం 1838లో కొన్నాడు. 1890లో తొంభై ఎనిమిదేళ్లకు పోయేనాటికి గోడ వెంబడి ఐదు కోటలు అతని సొంతం. రాళ్లు పెకలించుకుపోవడం మాన్పించి, పడిపోయిన చోట గోడను మళ్లీ పేర్పించాడు. నేను ఎక్కి నడిచిన ముక్క కూడా రోమన్లకన్నా అతని కూలీలకే ఎక్కువ రుణపడి ఉంది. ఆ తరువాత 1930లో గోడ దగ్గర పెద్ద క్వారీ పడబోతే గొడవ లేచి, 1931లో చట్టం తెచ్చారు. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

అంటే ముందు ఒకడు సొమ్ము పెట్టి కొన్నాడు, చట్టం వెనుక వచ్చింది. మాకు చట్టమే ముందు వచ్చింది. ఇందులో ఏది మేలని నన్ను అడిగితే, ఆ గుట్ట మీద నిలబడి చుట్టూ చూశాక నాకు జవాబు తేలిగ్గా రాలేదు. అంత శుభ్రం, అంత పచ్చిక, ఒక్క కాగితం ముక్క లేదు. పొయ్యి పొగ కూడా లేదు. సాయంత్రం అయ్యేసరికి మనుషులందరూ కారులెక్కి వెళ్లిపోతారు, గొర్రెలు మిగులుతాయి. మా కోటలో ఆ వేళకు ద్వారంలో ఆటో, ట్రాక్టరు ఎదురుపడి హారన్లు కొట్టుకుంటాయి, ఎవరింట్లోనో తాలింపు ఘాటు వస్తుంది, మట్టికోట మీద పిల్లలు పతంగులు ఎగరేస్తారు. నేను తగ్గించిన చుక్క దీనికే. వాళ్ల తప్పు ఏమీ లేదు. నాకు మాత్రం ఆ కోటలో ఎవరినైనా పేరు పెట్టి పిలవాలనిపించింది, పిలవడానికి ఎవరూ లేరు.

వెళ్లేవాళ్లకు మిగిలిన సూచనలు. మంకీ క్యాపు తీసుకెళ్లండి, సిగ్గుపడకండి. గొడుగు వద్దు. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు కావాలి. గడ్డి తడిగా ఉంటుంది, గొర్రెలు తమ పని ఎక్కడ పడితే అక్కడ చేస్తాయి. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఓపిక ఉంటే దగ్గర్లోనే విందోలాండా ఉంది. అక్కడి మట్టిలో సన్నని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. ఎవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపామని ఒకటి, పుట్టినరోజుకు తప్పక రమ్మని ఒకావిడ ఇంకొకావిడకు రాసింది ఒకటి. మాకు ఆ రోజు సమయం చాలలేదు, పసిబిడ్డ ఏడుస్తున్నాడని ఫోను వచ్చింది.

ఆ రాత్రి తూర్పుకోటలోని మా పక్కింటి ఎల్లయ్యకు వీడియో కాల్‌లో ఫోటోలు చూపించాను. చాలాసేపు చూశాడు.

“ఎంతుంటుందన్నా మొత్తం?”

“ఐదెకరాలు.”

“ఐదెకరాలా? మా అన్నదమ్ముల వాటా అంత ఉంటుంది” అన్నాడు. తరువాత మరుగుదొడ్డి ఫోటో మళ్లీ చూపించమన్నాడు.